రివాల్వర్‌కు తోలు ఒర: కొలత నుంచి అప్పగింత దాకా

మా దగ్గరికి వచ్చేవాళ్లలో "హోల్‌స్టర్ చేయాలి" అని అడిగేవాళ్లు తక్కువ. "రివాల్వర్‌కు కవరు కుట్టాలి" అంటారు. పోలీసుల్లో పనిచేసి రిటైరైనవాళ్లు "పౌచ్" అంటారు. నేను మాత్రం ఒర అంటాను. కవరు అన్నది ఏ వస్తువునైనా కప్పుతుంది. ఒర ఒక్క వస్తువు కోసమే, ఒక్క మనిషి నడుము కోసమే పుడుతుంది.

విజయవాడ వన్‌టౌన్‌లో బెల్టులు, బ్యాగులు కుట్టుకునే నాకు ఏడాదికి నాలుగైదు ఒరల పని వస్తుంది. ఒక్కోదానికి 14 నుంచి 16 గంటల చేతిపని పడుతుంది. తడి ఆరడానికి ఆగే రోజులు కూడా కలిపితే వారం. తోలు పని కొంత తెలిసి, మొదటిసారి ఒర ఒప్పుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఉదాహరణగా గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన కోసం చేసిన ఒరను తీసుకుంటాను. ఆయన దగ్గర ఉన్నది మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ తయారీ పాయింట్ 32 రివాల్వర్. 3 అంగుళాల బ్యారెల్, ఆరు గుండ్లు, మొత్తం పొడవు 178 మిల్లీమీటర్ల దాకా, బరువు 700 గ్రాములు.

మనిషిని కొలవడం

మొదట్లో నేను తుపాకీని మాత్రమే కొలిచేవాణ్ని. అలా చేసిన ఒక ఒర చూడముచ్చటగా వచ్చింది. తీసుకెళ్లినాయన నాలుగో రోజు తిరిగొచ్చి, "నిలబడితే బాగానే ఉందయ్యా, కార్లో కూర్చుంటే గొట్టం సీటుకు తగిలి పిడి పక్కటెముకల్లోకి పొడుస్తోంది" అన్నాడు. తప్పు తోలుది కాదు, నాదే. కూర్చున్నప్పుడు ఆయన ఎలా ఉంటాడో నేను అడగలేదు.

అందుకే ఇప్పుడు మొదటి అరగంట తుపాకీ మాటే ఎత్తను. కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా? చొక్కా లోపలికి దోపుకుంటారా, పైకి వదిలేస్తారా? రోజులో ఎక్కువసేపు కుర్చీలోనా, కారులోనా, స్కూటర్ మీదా? నడుం నొప్పి ఉందా, భుజం పూర్తిగా వెనక్కి తిరుగుతుందా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. భుజం పట్టేసిన మనిషికి నడుం వెనక ఒర పెడితే ఆయన చెయ్యి అక్కడిదాకా పోదు.

మిర్చి వ్యాపారి పంచె కట్టే మనిషి. తెల్ల పంచె, పైన వదులు చొక్కా, పంచె మీద అరలున్న వెడల్పాటి బెల్టు. "సన్న బెల్టు, గట్టిది, రెండు పొరలది ఒకటి ఒరతో పాటే చేసిస్తాను బాబాయి గారూ" అన్నాను. "ముప్పై ఏళ్లుగా ఇదే కడుతున్నాను బాబూ, దీనికే కుట్టు" అన్నారు. ఆయన మాటే సరి. బెల్టు కొలిస్తే సరిగ్గా 3 అంగుళాలు. అంటే మామూలు ఒరలకు పెట్టే 38 మిల్లీమీటర్ల కన్నం పనికిరాదు. ఆ బెల్టు మెత్తన కాబట్టి 700 గ్రాముల బరువుకు ఒర బయటికి వాలుతుంది. దాన్ని అడ్డుకోవడానికి ఒంటికి ఆనే వెనక పలకను వెడల్పు చేసి, బెల్టు పట్టీని బెల్టు కన్నా 2 మిల్లీమీటర్లే వదులుగా ఉంచాను. ఇవన్నీ కత్తి పట్టకముందు కాగితం మీదే తేలాలి.

ఇంకో సంగతి. 2016 ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీని ఒంటికి కట్టుకున్న హోల్‌స్టర్‌లోనో అలాంటి సంచిలోనో పెట్టుకోవాలి, అది పూర్తిగా కప్పి ఉండాలి, మనిషి అదుపులో ఉండాలి. పిడి బయటికి కనపడేలా, నలుగురూ చూసేలా చేయమని ఎవరైనా అడిగితే నేను ఒప్పుకోను. చొక్కా కింద దాగేలాగైనా ఉండాలి, పైన మూత ఉన్నదైనా కావాలి. మా బాబాయి గారి చొక్కా తుంటి దాటి వస్తుంది కాబట్టి మూత అక్కర్లేదనుకున్నాం.

తుపాకీ మన చేతికి ఎలా రావాలి

ఇక్కడ మొహమాటం పనికిరాదు. ముందు లైసెన్సు పుస్తకం చూడాలి. అందులో రాసిన తుపాకీ, తెచ్చిన తుపాకీ ఒకటే అవునో కాదో నంబరు చూసి సరిపోల్చుకోవాలి. గుండ్లు దుకాణం లోపలికి రాకూడదు. ఇంట్లోనే ఉంచి రమ్మని ఫోన్లోనే చెప్తాను. ఈ రకం రివాల్వర్ మధ్యలో విరుచుకుని తెరుచుకుంటుంది. యజమాని తన చేత్తోనే తెరిచి, ఆరు గదులూ ఖాళీ అని నాకు చూపించాలి. ఆయన చూశాక నేనూ చూస్తాను. ఒక్కసారి కాదు, బల్ల మీద పెట్టిన ప్రతిసారీ.

కొలతలన్నీ యజమాని ఎదురుగానే తీసుకోవాలి. "రెండు రోజులు నీ దగ్గరే ఉంచుకో" అని నమ్మకంగా అనేవాళ్లుంటారు. వద్దు. లైసెన్సు లేని మన దుకాణంలో ఆ తుపాకీ ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. 1959 ఆయుధాల చట్టం లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్నే నేరంగా చూస్తుంది. మన మంచితనం అక్కడ సాక్ష్యానికి రాదు.

గ్రాఫ్ కాగితం పరిచి, దాని మీద తుపాకీని పక్కకు పడుకోబెట్టి, సన్నటి పెన్సిలును నిటారుగా పట్టుకుని చుట్టూ గీస్తాను. పెన్సిలు వాలితే గీత 2 మిల్లీమీటర్లు తప్పుతుంది. తర్వాత అదే కాగితం మీద నిట్టనిలువుగా పైనుంచి ఫొటో. వెర్నియర్ క్యాలిపర్‌తో తీసే మందాలు ఇవి: గొట్టం చివర, గొట్టం మొదలు, గుండ్ల చక్రం దగ్గర, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కడ్డీ దగ్గర, పిడి దగ్గర. ముందు గురి ముక్క ఎంత ఎత్తు లేచి ఉందో అదీ. ఈ రివాల్వర్‌లో ఇంకొకటి చూడాలి. తెరిచే మీట ఎడమ పక్కన, బొటనవేలు అందే చోట ఉంటుంది. ఒర పైఅంచు దాని మీద నొక్కితే, తీసేటప్పుడు తుపాకీ విచ్చుకునే ప్రమాదముంది. కాబట్టి ఎడమ పక్క తోలు ఆ మీటకు కనీసం 6 మిల్లీమీటర్లు కిందే ఆగాలి.

చెక్క తమ్ముడు

తుపాకీ యజమానితో వెళ్లిపోయింది. మరి తడి తోలును దేని మీద అచ్చు దింపాలి? విదేశాల్లో ప్లాస్టిక్ నమూనాలు దొరుకుతాయి. వాళ్ల మోడళ్లకే. మన పాయింట్ 32కు నేను చెక్కతోనే చేయించుకుంటాను.

విజయవాడకు 20 కిలోమీటర్ల లోపే కొండపల్లి ఉంది. బొమ్మలు చెక్కే చేతులకు ఈ పని పెద్దది కాదు. మొదటిసారి అక్కడే తెల్ల పొణికి చెక్కతో చేయించాను. ఆకారం అచ్చు గుద్దినట్టు వచ్చింది. కానీ పొణికి దూదిలాంటి చెక్క. ఏనుగు అంబారీకి, దశావతారాలకు సరిపోయే ఆ మెత్తదనం నా పనికి శత్రువైంది. తడి తోలు మీద ఎముక పుల్లతో గట్టిగా రుద్దగానే ట్రిగ్గర్ కడ్డీ అంచు లోపలికి అణిగింది. నీళ్లు పీల్చి ఉబ్బింది కూడా. రెండోసారి అదే కొలతలతో ముదురు టేకుతో చేయించాను. అది ఇప్పటికీ పనికొస్తోంది.

నమూనాను యజమాని మళ్లీ వచ్చినప్పుడు అసలు దాని పక్కన పెట్టి ప్రతి మందాన్నీ సరిచూడాలి. అర మిల్లీమీటరు ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువుండకూడదు. ముందు గురి ముక్క మీద నుంచి గొట్టం పొడవునా ఒక సన్న చెక్క పుల్ల అతికించాలి. ఆ పుల్ల తోలులో చిన్న కాలువలాంటి దారి వదుల్తుంది. ఆ దారి లేకపోతే తీసిన ప్రతిసారీ గురి ముక్క తోలును గీరి, పొట్టు రాల్చుకుంటూ వస్తుంది.

నమూనాకు రంగు వేయకండి. చెక్కను చెక్కలాగే ఉంచండి. బస్సులో తీసుకెళ్లేటప్పుడు సంచి అడుగున పెట్టుకోండి. నల్లరంగు వేసిన చెక్క తుపాకీని బస్టాండులో బయటికి తీస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

తోలు ఎంపిక

ఒరకు చెట్టు బెరడుతో పదును చేసిన తోలే కావాలి. దుకాణాల్లో వెజ్ ట్యాన్ అంటారు. చెప్పుల పైభాగాలకు, సోఫాలకు వాడే క్రోమ్ తోలు మెత్తగా, నీళ్లకు ఓర్చుకుంటూ బాగుంటుంది గానీ, తడిపి అచ్చు దింపితే ఆరాక మళ్లీ మామూలుగా అయిపోతుంది. మన తంగేడు చెక్క, కరక్కాయ పదునుకు పనికొచ్చేవే. దక్షిణాదిన తరతరాలుగా వాటితోనే తోళ్లు పదును చేశారు. బతుకమ్మకు పూలిచ్చే తంగేడు బెరడే అది.

నేను చెన్నై పెరియమేట్‌లో కొంటాను. పొద్దున్నే పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికల్లా అక్కడుంటాను. గేదె తోలు మందంగా ఉంటుంది గానీ నరాలు వదులు. ఆవు తోలులో వీపు, తుంటి భాగం అడుగుతాను. పొట్ట భాగం సాగుతుంది, ధర తక్కువని తీసుకోకండి. మందం 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు. కొనేముందు ఒక మూల మడిచి చూడండి. నునుపు వైపు ముడతలు సన్నగా, దగ్గరగా పడి, వదలగానే మాయమైతే మంచిది. ఉల్లిపొర లేచినట్టు పెద్ద ముడత లేస్తే లోపల పీచు వదులుగా ఉన్నట్టు.

ఒక వేలికొసంత నీటిబొట్టు మీద వేసి చూడండి. రెండు మూడు నిమిషాల్లో పీల్చుకుని రంగు ముదిరితే అచ్చుకు పనికొస్తుంది. బొట్టు బొట్టుగానే నిలబడితే దానికి ముందే నూనో మైనమో పట్టించారన్నమాట.

అట్ట మీద గీత

నేను పాత శుభలేఖల అట్ట వాడతాను. గట్టిగా ఉంటుంది, మడత నిక్కచ్చిగా పడుతుంది, ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది.

ఒకే ముక్కను మడిచి కుట్టే పద్ధతి చెప్తాను. అట్ట మధ్యలో ఒక నిలువు గీత గీయండి. అది మడత. చెక్క నమూనాను దాని వీపు, అంటే గురి ముక్క ఉన్న వైపు, ఆ గీత మీద ఆనేలా నిలబెట్టి, కుడిపక్కకు పడుకోబెట్టి చుట్టూ గీయండి. మళ్లీ వీపు మీదికి లేపి, ఎడమపక్కకు దొర్లించి గీయండి. ఇలా దొర్లించడంతో వీపు వైపు మందం దానంతటదే లెక్కలోకి వస్తుంది.

కింది వైపు, అంటే ట్రిగ్గర్ కడ్డీ, గొట్టం అడుగు వైపు, కుట్టు గీత ఎక్కడ పడాలన్నది లెక్క. అక్కడి మందంలో సగానికి తోలు మందం కలపాలి. ఒకచోట తుపాకీ మందం 30 మిల్లీమీటర్లు, తోలు 3 అయితే, 15కు 3 కలిపి 18. గీసిన ఆకారపు అంచు నుంచి 18 మిల్లీమీటర్ల దూరంలో కుట్టు. గొట్టం దగ్గర మందం తక్కువ కాబట్టి ఈ దూరమూ తగ్గుతూ వస్తుంది. కుట్టు గీత సరళరేఖలా కాకుండా తుపాకీ ఒంపును పట్టుకుని వంగుతుంది. రివాల్వర్‌కు ఇదే కీలకం. చక్రం లావుగా, గొట్టం సన్నగా ఉండే ఈ ఆకారంలో కుట్టు చక్రం ముందు కాస్త లోపలికి వంగితే తుపాకీ అక్కడే ఒదిగి నిలబడుతుంది. కుట్టు బయట మరో 12 మిల్లీమీటర్లు వదలండి.

ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కడ్డీ పూర్తిగా తోలు కింద ఉండాలి. "తొందరగా తీయడానికి వీలుగా కొంచెం తెరిచి ఉంచు" అని అడుగుతారు. ఎంత పెద్దవాళ్లు అడిగినా నేను కాదనే చెప్తాను. ఒరలో ఉన్న తుపాకీ ట్రిగ్గర్‌కు వేలు గానీ చొక్కా కొస గానీ తగలకూడదు.

వెనక పలకను తుపాకీ సుత్తి, అంటే వెనక నుంచి గుండును కొట్టే ముక్క, కన్నా ఒక అంగుళం పైకి పెంచండి. అది ఒంటికీ లోహానికీ మధ్య గోడ. మన ఉక్కపోతలో ఆ గోడ లేకపోతే ఒంటి చెమట నేరుగా ఇనుముకు తగులుతుంది. సుత్తి మీదుగా వచ్చి టిచ్ బటన్‌తో పడే పట్టీకి కూడా ఇక్కడే చోటు గుర్తు పెట్టుకోవాలి. పట్టీని బొటనవేలితో ఒంటివైపు తోస్తే విడిపోయేలా బటన్ ఉండాలి.

అట్టను మడిచి, పిన్నులు కొట్టి, చెక్క నమూనా పెట్టి యజమాని నడుముకు కట్టి చూడండి. కుర్చీలో కూర్చోబెట్టండి, కారులో కూర్చోబెట్టండి. బాబాయి గారిని పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చోమన్నాను, ఆయన భోజనం అలాగే చేస్తారు కాబట్టి. గొట్టం నేలకు తగిలింది. ఒరను 2 వేళ్లు పైకి జరిపి, పిడి కొద్దిగా ముందుకు వాలేలా 15 డిగ్రీలు తిప్పాను. ఆ మార్పుకు అయిన ఖర్చు ఒక శుభలేఖ.

కోత, కుట్టు

అట్టను తోలు మీద పెట్టి ఆరె (తోలుకు కన్నాలు పొడిచే పనిముట్టు) మొనతో గీత గీసి, రంపెతో (తోలు కోసే కత్తి) కోయండి. బాల్‌పెన్ను వద్దు, ఆ సిరా పోదు. మందపు తోలును ఒకే దెబ్బలో కోయాలని చూడకండి, మూడుసార్లు అదే గీతలో లాగితే అంచు నిటారుగా వస్తుంది.

కలిపి కుట్టాక అందని పనులు ముందే చేసుకోవాలి. బెల్టు పట్టీ కుట్టడం, టిచ్ బటన్ బిగించడం, మూతి అంచు నున్నగా చేయడం. మూతి దగ్గర బయటి వైపు అదనంగా ఒక తోలు పట్టీ కుట్టండి. తుపాకీ తీసిన తర్వాత కూడా మూతి నోరు తెరుచుకునే ఉండాలి. అది అణిగిపోతే తిరిగి పెట్టేటప్పుడు రెండో చెయ్యి సాయం కావాల్సి వస్తుంది. పైగా ముడుచుకున్న తోలు కొస ట్రిగ్గర్ కడ్డీలోకి దూరవచ్చు. టిచ్ బటన్ లోపలి లోహం తుపాకీకి గీసుకోకుండా దాని మీద పలచటి తోలు ముక్క అతికించండి.

అతికే చోట రెండు వైపులా గరుకు చేసి, సొల్యూషన్ పలచగా రాసి, వేలికి అంటకుండా ఆరాకే కలపండి. కుట్టు అట్ట మీద లెక్కకట్టిన గీత మీదే పడాలి. కన్నాల మధ్య 4 మిల్లీమీటర్లు.

దారం 1 మిల్లీమీటరు మైనం పట్టించిన పాలిస్టర్. కుట్టు పొడవుకు నాలుగింతలు, పైన ఒక జానెడు. రెండు కొసలకూ రెండు సూదులు. ప్రతి కన్నంలోనూ రెండు సూదులూ ఎదురెదురుగా దాటాలి. మిషన్ కుట్టులో పై దారం, కింది దారం ఒకదానికొకటి మెలేసుకుని ఉంటాయి కాబట్టి ఒకచోట తెగితే వరసగా ఊడుతుంది. రెండు సూదుల కుట్టులో ఒక పోగు తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. ఏ సూది ముందు దూరితే ప్రతిసారీ అదే ముందు దూరాలి, లేకపోతే కుట్లు ఒకటి వాలి ఒకటి లేచి పళ్లూడిన దువ్వెనలా కనపడతాయి. మూతి దగ్గర, గొట్టం చివర మూడు కుట్లు వెనక్కి వేయండి.

తడి

పని అంతా ఇక్కడే తేలుతుంది. ఇక్కడిదాకా చేసింది ఒక తోలు సంచి. ఇక్కడి నుంచే అది ఒర.

ముందు నీళ్లు. మా వీధిలో బోరు నీళ్లు ఎర్రగా తుప్పు పట్టినట్టు వస్తాయి. మొదట్లో తెలియక అవే వాడాను. ఆరాక తోలు నిండా నల్లటి చుక్కలు. బెరడు పదునులోని వగరుకు ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. పెడన కలంకారీవాళ్లు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో నల్ల గీతలు తెచ్చేది ఈ గుణంతోనే. వాళ్లకది విద్య, మనకది మచ్చ. అందుకే తాగే నీళ్లు, ప్లాస్టిక్ టబ్బు. ఇనప బకెట్టు, తుప్పు పట్టిన సుత్తి దగ్గరికి కూడా రానివ్వకండి.

నీళ్ల వేడి పసిబిడ్డ స్నానానికి పెట్టినంత. ఒరను 20 నుంచి 30 సెకన్లు ముంచండి. సన్న బుడగలు లేస్తాయి. అవి తగ్గగానే తీసి, గుడ్డతో ఒత్తి, ప్లాస్టిక్ కవరులో పావుగంట ఉంచండి. తడి లోపలిదాకా సమంగా పాకాలి. తీసి చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగలాలి, చెంపకు తడి అంటకూడదు. పైన రంగు కొద్దిగా తేలబడుతూ ఉండాలి. అదే అదను.

ఇప్పుడు గోళ్లు కత్తిరించుకోండి. నవ్వులాటకు చెప్పడం లేదు. తడి తోలు దేన్నీ మర్చిపోదు. నా మొదటి ఒరల్లో ఒకదానికి ట్రిగ్గర్ కడ్డీ పైన సన్న నెలవంకలాంటి గీత ఉండిపోయింది. నా బొటనవేలి గోరు అది. ఎంత పాలిష్ పట్టినా పోలేదు. ఉంగరం, వాచీ కూడా తీసి పక్కన పెట్టండి.

చెక్క నమూనాకు పలచటి ప్లాస్టిక్ చుట్టి లోపలికి దించండి. బిగుతుగా ఉంటుంది. ఊపుతూ, మెల్లగా తోయండి. దిగాక గురి పుల్ల మడత మధ్యలో ఉందా, మూతి సమంగా ఉందా చూసుకోండి. మొదట రెండు అరచేతులతో పిసకండి. చపాతీ పిండి మీద అరచెయ్యి మడమ ఎలా ఆనుతుందో అలా. తర్వాత బొటనవేళ్ల మెత్తటి భాగంతో చక్రం చుట్టూ, కడ్డీ చుట్టూ నొక్కుతూ రండి. అడుగున తోలు కింద ఆకారం నెమ్మదిగా పైకి తేలుతుంది, నీళ్లు తగ్గుతున్న కాలువలో రాళ్లు బయటపడ్డట్టు.

అరగంట ఆగండి. తోలు కాస్త బిగుస్తుంది. అప్పుడు ఎముక పుల్లతో గానీ, గుండ్రటి అంచున్న చెక్క పుల్లతో గానీ రెండు చోట్లే గీత తేల్చండి: ట్రిగ్గర్ కడ్డీ లోపలి వంపు, చక్రం ముందంచు. తుపాకీని పట్టి ఉంచేవి ఈ రెండే. కొత్తవాళ్లు ప్రతి మర, ప్రతి గాడి తోలు మీద కనపడాలని రుద్దుతారు. చూడటానికి బాగుంటుంది. కానీ అన్ని గాడుల్లోనూ తోలు దిగితే తీసేటప్పుడు అన్ని చోట్లా తట్టుకుంటుంది. తెరిచే మీట దగ్గర మాత్రం తోలును వదులుగా, ఉబ్బుగా ఉంచండి.

వెనక పలకను నడుం ఒంపుకు వంచడం మర్చిపోవద్దు. నేను ఒక పెద్ద స్టీలు బిందెకు గుడ్డ చుట్టి, దాని పొట్టకు ఒరను ఆనించి వారు కడతాను.

నాలుగు గంటలయ్యాక నమూనా తీసేయండి. లోపల గాలి తగలకపోతే బూజు పడుతుంది. నీడలో, ఫ్యాను గాలిలో రెండు రోజులు. వానాకాలంలో మూడు. తొందరపడితే ఏమవుతుందో నాకు ఒక మే నెల నేర్పింది. మర్నాడే ఇవ్వాలన్న టెన్షన్‌లో ఒరను డాబా మీద ఎండలో పెట్టాను. రెండు గంటల్లో మడత దగ్గర నునుపు పొర చెరువు ఎండినట్టు పగిలింది. మూతి కుంచించుకుపోయి చెక్క నమూనా లోపలికి పోలేదు. తడి తోలు వేడికి ముడుచుకుంటుంది, ముడుచుకున్నది మళ్లీ విచ్చుకోదు. ఆ తోలు, ఆ కుట్టు, నాలుగు రోజుల పని చెత్తబుట్ట పాలయ్యాయి. గట్టిదనం కోసం వేడి కావాలనుకుంటే, రెండు రోజులు ఆరాక, అట్టపెట్టెలో 60 వాట్ల బల్బు వెలిగించి, థర్మామీటరు పెట్టి 45 డిగ్రీలు దాటకుండా గంటసేపు ఉంచండి. బల్బుకు ఒరకు మధ్య జానెడు దూరం ఉండాలి, పెట్టెను వదిలి వెళ్లకూడదు.

అంచులు, రంగు

అంచులను ఎమరీ కాగితంతో సమం చేసి, తుమ్మబంక నీళ్లు వేలితో రాసి, గట్టి గుడ్డతో వేడి పుట్టేదాకా రుద్దితే గాజులా మెరుస్తాయి.

రంగు విషయంలో బాబాయి గారి పంచె గుర్తొచ్చింది. ఆయన నలుపు అడిగారు. తెల్ల పంచె మీద నల్ల ఒర, మే నెల చెమట. ఎన్నిసార్లు గుడ్డతో తుడిచినా రంగు కొంత అంటుతూనే ఉంటుంది. రంగు వేయని తోలు ముక్కను, రెండేళ్లుగా నేను వాడుతున్న నా బెల్టును పక్కపక్కన పెట్టి చూపించాను. ఎండకు, చేతి నూనెకు ఆ తోలే తేనె రంగుకు తిరుగుతుంది. "అయితే దీన్నే ఇలా వదిలెయ్" అన్నారు. మీకు రంగు తప్పనిసరైతే రెండు పలచటి పూతలు వేసి, తెల్లగుడ్డకు ఏమీ అంటనంత వరకూ రుద్ది, ఆపైన తేనెమైనం పట్టించండి. లోపలి వైపు రంగు, నూనె ఏదీ వద్దు.

అప్పగింత

యజమాని ఖాళీ తుపాకీతో వచ్చిన రోజు నాలుగు పరీక్షలు చేయిస్తాను. పరుపు మీద ఒరను తలకిందులుగా పట్టుకుంటే, పట్టీ విప్పి ఉన్నా తుపాకీ జారకూడదు. ఒక్క చేత్తో, కిందికి చూడకుండా తిరిగి పెట్టగలగాలి. ఒర బయటి నుంచి వేలితో ఎంత నొక్కినా ట్రిగ్గర్ కదలకూడదు. చివరిగా కూర్చోవడం, వంగడం, మెట్లు దిగడం. కొత్తలో కొంచెం బిగుతుగా ఉంటే మంచిదే. మరీ బిగుతైతే చెక్క నమూనాకు రెండు పొరల ప్లాస్టిక్ చుట్టి ఒక రాత్రి లోపల ఉంచితే సరిపోతుంది.

ఇంటికి పంపేముందు చెప్పాల్సినవి మూడు. కొబ్బరినూనె రాయొద్దు, తోలు మెత్తబడి అచ్చు పోతుంది. రాత్రిపూట తుపాకీని ఒరలో ఉంచి బీరువాలో పెట్టొద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది, పదునులోని వగరు లోహాన్ని తినేస్తుంది. మూతి మెత్తబడి లోపలికి వాలడం మొదలైతే ఆ రోజు నుంచే వాడకం ఆపి నా దగ్గరికి తేవాలి.

2024 ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించమన్నారు. బాబాయి గారు రివాల్వర్ ఇచ్చేసి, ఖాళీ ఒరను ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువాలో పెట్టారు. వానలు మొదలయ్యాక తీస్తే నిండా తెల్ల బూజు. కంగారుగా తెచ్చారు. పొడి బ్రష్‌తో ఆరుబయట దులిపి, మూడు రోజులు నీడలో గాలికి వేలాడదీశాను. మూతి కొద్దిగా ముడుచుకుంది. పైన ఆయన పేరు రాసి ఉంచిన గుడ్డసంచిలోంచి టేకు నమూనా, శుభలేఖ అట్ట తీసి, మూతి వరకే చెంచాతో తడిపి, నమూనా పెట్టి మళ్లీ బొటనవేళ్లతో నొక్కాను. రెండో రోజుకు చక్రం దగ్గర పట్టు ఎప్పటిలాగే తగిలింది. ఈసారి ఒరను ప్లాస్టిక్‌లో కాకుండా పాత పంచె ముక్కలో చుట్టిచ్చాను.